ఆది జాకెట్టు

గార్లదిన్నె ఆడవాళ్ళకు టేపు పడదు. ఒంటికి చుట్టబోతే ఎక్కడలేని సిగ్గూ ముంచుకొస్తుంది. "ఇదో, ఆదికి జాకెట్టు తెచ్చినా, ఇట్లే కుట్టు" అని పాతదొకటి నా మిషను మీద పడేస్తారు. ముగ్గురు బిడ్డల్ని కన్నాక కూడా పెళ్ళినాటి జాకెట్టే ఆదికి తెచ్చే మహాతల్లులున్నారు. ఉన్నదున్నట్టు కుట్టిస్తే హుక్సులు పడవు, తిట్లేమో నాకు. అందుకే మనిషి గుమ్మం ఎక్కేటప్పుడే కళ్ళతో కొలుచుకుని, ఆదికి రెండంగుళాలు కలిపి కుడతాను. "నీ ఆదికే కుట్టినా, ఎంత బాగా పట్టిందో సూడు" అంటాను. వాళ్ళు మురిసిపోతారు. ఇరవై రెండేళ్ళుగా షహనాజ్ టైలరుకు పేరొచ్చింది ఈ అబద్ధంతోనే. దానివల్ల ఎవరికీ ఏ కీడూ జరగలేదు, మా చెల్లెలి దాకా.

ఆరీఫా నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్నది. అమ్మ పోయాక నేనే సాకాను. సన్నగా ఉండేది, ఒకచోట నిలిచేది కాదు. ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. అది నవ్విందంటే వీధి చివర టీకొట్టు దాకా వినిపించేది.

మూడేళ్ళ కిందట ఆ నవ్వు ఆగకుండా పోయింది. ఊరంతా శనక్కాయ విత్తనం సిద్ధం చేసుకుని మబ్బుకేసి చూస్తున్న రోజులు. పదకొండు రోజులు దానికి నిద్ర లేదు. మిద్దె ఎక్కి చేతులు చాచి "నేను పిలిస్తే వాన వస్తాది" అని అరిచేది. ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడనే పడ్డాయి. ఆ చినుకుల్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ తర్వాత అది ఇంక ఎవరి మాటా వినలేదు. యాడికిలో మా మేనమామ కలీముల్లా పెద్దకూతురి పెళ్ళిలో, పెళ్ళికూతురి దండ లాక్కుని తన మెడలో వేసుకుంది. అడ్డం పోయిన వాళ్ళను తోసేసి, చెప్పులు లేకుండా తాడిపత్రి రోడ్డు పట్టింది. మేము వెతికి పట్టుకునేసరికి అరికాళ్ళు రక్తమై ఉన్నాయి.

మా నాయన జమాల్ సాబ్ దాన్ని దర్గాకు తీసుకెళ్ళాడు, తాయెత్తు కట్టించాడు. చివరికి అనంతపురంలో మనసు జబ్బుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మాత్రలు పడ్డాయి. మనిషి దక్కింది.

దక్కింది గానీ, వేరే మనిషి దక్కింది. ఏడాదిలో ఇరవై కేజీలు పెరిగింది. ముఖం ఉబ్బింది, నడక నెమ్మదించింది. నవ్వు పెదవుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. బడి మానేసింది. నైటీలు తప్ప వేరే గుడ్డ ఒంటిమీద వేయలేదు. అద్దం మీద టవలు కప్పి ఉంచేది. ఒకరోజు ఆ టవలు కొంచెం పక్కకు జరిపి, "ఈయమ్మి ఎవురక్కా? నా కండ్లు పెట్టుకోని ఉండాది" అని అడిగింది. నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

చెప్పడానికి నాకేం సిగ్గు లేదు, నేనూ ఆ పాత పిల్ల కోసమే కాచుకుని ఉన్నాను. వీధిలో ఏ ఆడపిల్లయినా గట్టిగా నవ్వితే మిషను మీద నా కాలు ఆగిపోయేది.

ఈ ఏడు మామ రెండో కూతురి పెళ్ళి కుదిరింది. అదే ఇల్లు, అదే పందిరి. ఆరీఫా చిలకపచ్చ చీర, దాంతోపాటు బడికి వెళ్ళే రోజుల్లో వేసుకున్న పసుపు జాకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆదికి ఇది తీసుకో అక్కా. ఆ పందిట్లో అందరూ నన్ను సూడల్ల. ఆ పొద్దు సూసినారే, అది కాదు. అసలు నన్ను."

జాకెట్టు చూశాను, మనిషిని చూశాను. పది అంగుళాలు తేడా. "సరే" అన్నాను.

"ముందు మామూలు గుడ్డతో ఒకటి కుట్టు. అది పడితేనే పెండ్లిది" అంది.

కళ్ళతో కొలిచి కుట్టాను. పసుపు జాకెట్టును మిషను సొరుగులో అడుగున దాచేశాను. కొత్తది తొడుక్కుని ఆరీఫా ఒక్కో హుక్కూ మెల్లగా పెట్టుకుంటూ పోయింది. ఆఖరిది కూడా పడింది.

"ఆదికే కుట్టినావా?"

"నీ ఆదికే కుట్టినా."

అప్పుడు నవ్వింది. మూడేళ్ళకు నవ్వింది. టీకొట్టు దాకా కాకపోయినా, మా గుమ్మం దాటి వినిపించింది. నేను దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాను.

ఆ మరుసటి వారం నుంచి అది మారడం మొదలైంది. పొద్దున నేను లేచేసరికి వాకిలి ఊడ్చి, ట్యాంకరు నీళ్ళు పట్టి, నాయన బట్టలు ఉతికేసి ఉండేది. నడకలో మళ్ళీ వేగం వచ్చింది. పాటలు ఎత్తుకునేది. అద్దం మీద టవలు తీసేసింది. "పాప ముందు మాదిరి అయింది నాయనా" అని నేనే ఊరంతా వినేలా చెప్పాను. మూడు వారాలు నా అంత సుఖపడ్డ మనిషి ఈ మండలంలో లేదు. కళ్ళ కింద నలుపు చూశాను. పెళ్ళి సంబరం అనుకున్నాను. చూడదలుచుకున్నదే చూశాను, ఇంకేం చెప్పను?

పెళ్ళికి తొమ్మిది రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, నేను చిలకపచ్చ జాకెట్టుకు చేతులు అతుకుతుంటే ఆరీఫా గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తోంది. మబ్బు తునక లేదు.

"పెండ్లి నాటికి వాన వస్తాది అక్కా. నేను చెప్పినా."

మిషను ఆపేశాను. "పాపా, మాత్రలు ఏసుకుంటాండావా?"

"ఆ విషం ఎందుకు? నువ్వు మామూలు గుడ్డ జాకెట్టు కుట్టిన వారం ఎవురూ అనంతపురం పోక, నాలుగు దినాలు మాత్రలు లేవు, గుర్తుందా? ఆ నాలుగు దినాలకే ఒళ్ళు దిగె. ఆది సరిపాయె. నువ్వే కదా చెప్తివి. అందుకే మొత్తం మానేసినా."

సొరుగులోంచి పసుపు జాకెట్టు తీసి బల్ల మీద పరిచాను. దాని మీద నేను కుట్టిన కొత్తది పరిచాను. అడుగున పసుపు రంగన్నదే కనబడలేదు.

"నేను అబద్ధం చెప్పినా మే. నీ ఒళ్ళు దిగలేదు. అందరికీ చెప్పినట్లే నీకూ చెప్పినా."

అది నమ్మలేదు. పసుపు జాకెట్టు లాక్కుని నైటీ మీదే తొడుక్కోబోయింది. చెయ్యి మోచేతి దగ్గరే ఇరుక్కుపోయింది. పైకీ రాలేదు, కిందికీ రాలేదు. అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"డాక్టరమ్మ బాగుండావు అంటాది. నాయన బాగుండావు అంటాడు. నువ్వొక్కదానివన్నా నిజం చెప్తావనుకుంటి" అంది. తలెత్తి నాకేసి చూసింది. "మాత్ర ఏసుకుంటే ఈయమ్మి ఉంటాది. ఏసుకోకుంటే నేనుంటా. నీకు ఎవురు కావల్ల? చెప్పు."

అంత సూటిగా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

"నాకూ ముందుండిన ఆయమ్మే కావల్ల" అన్నాను. "దినామూ ఆయమ్మి కోసమే సూస్తాంటా. కానీ ఆయమ్మి నిన్ను తాడిపత్రి రోడ్డు మీద ఇడిసిపెట్టి పోయినాది మే. నీ కాళ్ళల్లో ముండ్లు తీసింది నేను. అప్పట్నించీ పొద్దున లేసి, మాత్ర ఏసుకోని, నాయనకు సద్ది కట్టిచ్చి, చేతులు వణికినా నాకు కాజాలు కుట్టిచ్చినది నువ్వు. మూడేండ్లు నాతో ఉండేది నువ్వు. నువ్వు పోతే నేను ఉండలేను."

ఏడ్చింది. నేను దాని చేతిని జాకెట్టులోంచి కత్తెరతో తీయబోతే "కత్తిరించొద్దు" అంది. కుట్టు విప్పి తీశాను. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఏడుస్తూనే ఉంది.

మరుసటి రోజు పొద్దున బస్సుకు అనంతపురం వెళ్ళాం. డాక్టరమ్మ నన్ను తిట్టింది, దాన్ని తిట్టలేదు. "ఒళ్ళు పెరిగి ఇంత బాధపడతాండావని ముందే చెప్పింటే మందు మార్చేదాన్ని కదమ్మా" అని ఆరీఫాతో అంది. వేరే మాత్రలు రాసింది. పెళ్ళికి వెళ్ళొచ్చు గానీ నిద్ర మానకూడదంది. పాత ఒళ్ళు తిరిగొస్తుందా అని ఆరీఫా అడిగితే, కొంత తగ్గవచ్చు, అంతా తగ్గుతుందని మాట ఇవ్వలేనంది. ఆమెకున్న ధైర్యం నాకు లేకపోయింది.

కొత్త మాత్రలకు మొదటి మూడు రోజులూ పడుకునే ఉంది. నాలుగో రోజు లేచి వచ్చి, నా మిషను ముందు నిలబడి చేతులు రెండూ పక్కలకు చాచింది.

"టేపు తీయ్."

మా ఊరి ఆడవాళ్ళలో టేపుకు నిలబడిన మొదటి మనిషి అది. నేను ఛాతీ చుట్టూ టేపు తిప్పి, మనసులోనే చదువుకున్నాను.

"గట్టిగా చెప్పు" అంది.

"నలభై రెండు."

"నడుము?"

"ముప్పై తొమ్మిది."

కళ్ళు మూసుకుంది. చాచిన చేతులు మాత్రం దించలేదు. "రాయి" అంది. రాశాను. పైన ఆరీఫా అని పేరు రాశాను.

కొలతలయ్యాక పసుపు జాకెట్టు అడిగింది. నేను విప్పిన చోట తనే సూదీ దారం తీసుకుని మళ్ళీ కుట్టింది. ఒకప్పటిలా సన్నగా పడలేదు ఆ కుట్లు. మడిచి, దాని మీద అరచేయి పెట్టి కాసేపు కూర్చుంది. తర్వాత నా ఒళ్ళో పెట్టింది.

"నీ కాడ పెట్టుకో అక్కా. ఆయమ్మి ఎప్పుడన్నా వస్తే ఇయ్యి."

"ఇస్తాలే" అన్నాను. ఆ మాట నేను అబద్ధం చెప్పలేదు.