డప్పు మోగితేనే నిద్ర

తెల్లవారుజామున డప్పు మోగిందంటే మా ఊళ్ళో ఒకటే అర్థం. ఎవరో పోయారు, ఈ రోజు ఒక్క పడవ కూడా సముద్రంలోకి దిగకూడదు. తాతల నాటి కట్టుబాటు ఇది. శవం ఇంట్లో ఉండగా ఆ గుమ్మం ముందు నుంచి వల భుజాన వేసుకుని పోవడం మర్యాద కాదని పెట్టుకున్నారు.

ఆ రోజూ డప్పు మోగింది. ఏ తల్లి కడుపుకోతో అనుకుంటూ పొయ్యి దగ్గర నుంచి లేచాను. మా ఆయన సుబ్బు అప్పటికే డీజిల్ క్యాను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డప్పు విన్నాడు. క్యాను కింద పెట్టాడు.

"అమ్మయ్య!" అన్నాడు.

అంతే, చొక్కా అయినా విప్పకుండా గడప పక్కనే వాలిపోయాడు. నేను నోరు తెరిచేలోపే గురక మొదలైంది. వీధి కుక్క చస్తే ఆ పూట అన్నం మానేసిన మనిషి ఈయన! ఊళ్ళో చావు డప్పు మోగుతుంటే ఎవరు పోయారని కూడా అడక్కుండా అమ్మయ్య అంటాడా?

"ఏందయ్యా ఆ మాట? సిగ్గుండాలా!" అని అరిచాను. వింటేగా.

జనం మస్తానమ్మ ఇంటి వైపు పరుగెత్తుతున్నారు. నేనూ పోయాను. పోయింది మస్తానమ్మ మొగుడు పెంచలకృష్ణ. మా ఆయనా అతనూ ఒకే పడవలో పోతారు. నిండా నలభై లేవు, ఏ రోగమూ లేదు. ముందురోజు సాయంత్రం వేట నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడట.

"నిద్రపోతండాడులే పాపం, లేపబాకండి అని నేనే పిల్లకాయల్ని కసిరినా అంకాలూ," అంటూ మస్తానమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దుప్పటి గూడా నేనే కప్పినా. పొద్దున్నే వేటకు టయిమైందని లేపితే చల్లగా ఉండాడు."

మా ఆయనా, పెంచలకృష్ణా చివరిసారి ఒక పూట ఇంటిపట్టున ఉన్నది ఎప్పుడో నాకు గుర్తు రాలేదు. ఒకప్పుడు అమావాస్యకు ఊరంతా ఆగేది. చేపలు ఎక్కువ పడ్డా పట్టుకుపోయేవాడు లేక ఆగేది. ఇప్పుడు హార్బరు వచ్చింది, ఐసుకు కొదవ లేదు, లారీలకు కొదవ లేదు, ఎప్పుడు తెచ్చినా కొనేవాళ్ళు సిద్ధం. ఇక పడవ ఆగడం దేనికి? తెల్లారకముందు ఒక వేట, మధ్యాహ్నం వల బాగు చేసుకోవడం, మళ్ళీ ఇంకో వేట. అన్నం తింటూ తింటూ కంచంలో చెయ్యి ఉండగానే తూలిపోయే మొగుణ్ణి చూసి నేను నవ్విన రోజులు కూడా ఉన్నాయి.

ఇంటికి వచ్చి ఆయన మొహాన చెంబెడు నీళ్ళు కొట్టాను.

"పెంచలకిష్టుడు పోయినాడయ్యా!"

లేచి కూర్చున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "మన కిష్టుడా?" అన్నాడు.

"మన కిష్టుడే."

మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు: "అయితే రేపు కూడా పడవలు ఆపుతారా?"

చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్న స్నేహితుడు పోయాడంటే అడిగే మాటేనా అది? ఆ మాట చెవిన పడ్డాక ఆయనా అదిరిపోయాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనేందే అట్టా అనినా? నాకేమైందే అంకాలూ?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి నాకు కోపం పోయి భయం పట్టుకుంది. ఇంత అలసిపోయిన మనిషి బతికున్నట్టా?

మధ్యాహ్నం మట్టి చేశారు. మర్నాడు పడవలన్నీ యథాప్రకారం పోయాయి. మా ఆయన పడవలో కిష్టుడి పని కూడా మిగిలినవాళ్ళే పంచుకున్నారు.

"ఇంజిను పిడి పట్టుకునే నిద్రపోతండా. అల తగిలితే మెలకువ వస్తాంది," అన్నాడు తిరిగొచ్చాక, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు.

"రేపు పోబాక నువ్వు," అన్నాను.

"నేనాగితే పడవ ఆగుద్దా? నా చోట్లో ఇంకొకణ్ణి ఎక్కించుకుంటారు. ఊరంతా ఆగితేనే ఎవురికైనా ఆగే ధైర్యం."

ఊరందరినీ ఆపగలిగింది మా పల్లె పెద్ద, పెద్దకాపు పోలేరయ్య ఒక్కడే; చావు డప్పు కూడా ఆయన అరుగు మీదే ఉంటుంది. సాయంత్రమే ఆయన ఇంటికి పోయాను.

"పెద్దయ్యా, వారానికి ఒక్కరోజు అందర్నీ ఆపు. ఒక్క రోజు."

"పక్కూరోళ్ళు ఆగుతారా? చేపలు ఆగుతాయా?" అన్నాడు. "ఎవురైనా సచ్చినప్పుడు ఆగతానే ఉండాం గదా!"

"అంటే ఒకడు సస్తేనే మిగిలినోళ్ళు పడుకోవాల్నా?"

"నోరు శానా లేస్తాంది నీకు. ఇంటికి పో."

పోయాను. పోయానే కానీ నిద్ర పట్టలేదు. పక్కన సుబ్బు ఊపిరి తీస్తున్నాడా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాను. కట్టుకున్న మొగుణ్ణి అలా చూసుకోవలసి వస్తే ఎంత ఒళ్ళు మండుతుందో చూడండి!

తెల్లారబోతుండగా నేరుగా పోలేరయ్య అరుగు మీదికి పోయి డప్పు తీసుకున్నాను. ఆడది దాన్ని ముట్టుకోవడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఒడ్డుకు ఆనుకున్న వీధి మొదట్లో నిలబడి చేతులు వాచేలా కొట్టాను.

ముందు నాకు వినిపించింది ఏడుపు కాదు. ఈ ఇంట్లోంచి ఒకటి, ఆ ఇంట్లోంచి ఒకటి, వీధి పొడవునా మగవాళ్ళ గొంతులు: "అమ్మయ్య!"

నా చేతులు ఆగిపోయాయి. మా ఆయన ఒక్కడే అనుకున్నాను ఇప్పటిదాకా. ఊరు ఊరంతా చావు కోసం కాచుకుని ఉంది.

ఆ తర్వాతే "ఎవురు? ఎవురు పోయింది?" అంటూ ఆడా మగా ఒడ్డున నా చుట్టూ చేరారు. పోలేరయ్య పంచె ఎగగట్టుకుంటూ వచ్చాడు. డప్పు నా చేతిలో చూశాడు.

"ఎవురే పోయింది?"

"ఎవురూ పోలా. పోకముందే కొట్టినా."

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. పోలేరయ్య నా మీదికి వచ్చాడు. "దొంగ డప్పు కొడతావా? ఇది ఊరికే పోద్దా? ఊరికి అరిష్టం తెచ్చినావు గదే! ఇప్పుడు నిజంగా ఎవురన్నా పోతే?"

నిజంగా పోతే? సుబ్బే పోతే? చేసింది తప్పేమో అని మొదటిసారి అనిపించింది.

"ఏమయ్యా, దీన్నేం చేద్దామో మీరే చెప్పండి," అంటూ పోలేరయ్య మగవాళ్ళ వైపు తిరిగాడు.

పలకడానికి ఎవరూ మేలుకుని లేరు. మా వాదన సాగుతుండగానే పడవల చాటున, వలల కుప్పల మీద, వట్టి ఇసుకలో ఎక్కడివాళ్ళక్కడ వాలిపోయి ఉన్నారు. మా సుబ్బు ఐసు పెట్టె మీద తల పెట్టి నోరు తెరుచుకుని పడుకున్నాడు. పోలేరయ్య కొడుకు కూడా వాళ్ళలోనే ఉన్నాడు. తుపానుకు కొట్టుకొచ్చిన శవాల్లా ఉన్నారందరూ.

పోలేరయ్య తన ముందు పడుకున్నవాణ్ణి కాలితో తట్టబోయాడు.

"తాకబాకు పెద్దయ్యా!"

మస్తానమ్మ. మొగుడు పోయిన ఆడది దినాలు అయ్యేదాకా గడప దాటకూడదు. దాటి వచ్చింది. ఆ పడుకున్నవాళ్ళ మధ్య నుంచి మెల్లగా నడిచి, ఒక్కొక్కరి మొహం మీదికీ వంగి చూసింది. సుబ్బు దగ్గర ఆగి అతని గుండె మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"వీళ్ళు లేస్తారు పెద్దయ్యా," అంది. "పడుకోనీ."