పదిన్నరలోపు

డిస్కు పనిలో తిరువళ్ళూరు మొత్తానికీ జయరామ్‌దే పేరు. కాపీ తీయకుండా డిస్కు జోలికి పోవద్దనీ, డిస్కులో విండోస్ ఉండే భాగాన్ని విండోస్‌లోనే తగ్గించాలనీ, దాని ఇల్లు దానికే తెలుసనీ తన కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్తాడు. చెప్పేవి శ్రీరంగనీతులు.

ఆ శుక్రవారం తిరుత్తణి నుంచి బావ చెంగల్వరాయుడు లాప్‌టాప్ తెచ్చాడు. కూతురు లక్ష్మీప్రియకి కాలేజీలో విండోస్‌తోపాటు లినక్స్ కూడా కావాలట, డిస్కులో దానికి చోటు చేయాలి. అందులోనే బావ గొంతుంది. కేన్సరుకి స్వరపేటిక తీసేసే ముందు నెల్రోజులు కూర్చుని కూతురి కోసం రికార్డు చేసిన మాటలు. పెళ్ళినాడు చెప్పాల్సినవి, బిడ్డ పుడితే పాడాల్సినవి, ఊరికే ముద్దుగా తిట్టినవి. ఇంకెక్కడా లేవు.

పది దాటాక అక్క వసుమతి ఫోను.

"రేయ్, పదిన్నరకి రాహుకాలం. అంతలోపల మొదలుపెట్టేయ్."

"కాపీ తీయాలక్కా. రెండు గంటలు పడతాది."

"కాపీ తీసేది పనా ఏంది? అసలు పని మొదలుపెట్టు. మొదలైన పనికి దోషం లేదు."

విండోస్ తనంతట తాను కొంచెం చోటే ఇస్తానంది. చాలదు. పెన్‌డ్రైవ్‌తో లినక్స్ తెరిచాడు. విండోస్ సగం నిద్రలో ఉంది, సరిగా ఆపి రమ్మని లినక్స్ హెచ్చరించింది. గడియారంలో పది ఇరవై ఎనిమిది. జయరామ్ ఆ హెచ్చరికని దాటి, విండోస్ భాగాన్ని తగ్గించేయమని బలవంతపు ఆదేశం కొట్టాడు, పాపిష్టి చేతులతో.

పదకొండుకి విండోస్ తెరిచాడు. అది నిద్రలేచి, తనకు గుర్తున్న పాత హద్దుల ప్రకారమే, తగ్గించేటప్పుడు జరిపిన ఫైళ్ళ మీద రాసుకుంటూ పోయింది. బటన్ నొక్కి ఆపేలోగా జరగకూడనిది జరిగిపోయింది. సాయంత్రం దాకా వెతికితే ఫైళ్ళ పేర్లు దొరికాయి. ఏది తెరిచినా ఒట్టి గరగర.

బావ పొద్దుటినుంచీ పక్కనే స్టూలు మీద కూర్చుని అంతా చూశాడు.

"చెప్పు తీసుకొని కొట్టు బావా," అని ఏడ్చాడు జయరామ్.

అప్పుడే ఫోను మోగింది. లక్ష్మీప్రియ.

"మామా, అయిందా?"

"మీ నాన్నకిస్తా," అని జయరామ్ ఫోను చాపాడు. బావ ఫోను అందుకున్నాడు.

"నాన్నా, నువ్వా? నీ మాటలన్నీ పదిలంగా ఉండాయి కదా?"

ఆపరేషనైనప్పటినుంచీ ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు గోటితో ఫోను మీద తట్టడం వాళ్ళింట్లో అలవాటు.

బావ ఒకసారి తట్టాడు. రెండోసారికి లేచిన వేలు అలాగే ఆగిపోయింది.