తగిలినవాళ్లే చెప్పాలి

హరిచందనకి ముప్పై నాలుగేళ్లు. ఆదివారం పొద్దున్నే షెడ్డు తాళం తీసి, చెప్పులు విడవకముందే గోడ కింద ఉన్న బకెట్టు ఎత్తి బయట కాలవలో పారబోస్తుంది.

ఆ షెడ్డు ఫిషింగ్ హార్బర్ వెనక మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీది. చేపల వేలం ముగిసి, బుట్టలు కడిగిన నీళ్లు రోడ్డు మీద ఇంకా ఆరకముందే దండులోని వాళ్లు ఒక్కొక్కరూ బైకుల మీద దిగుతారు. భుజాన కత్తులు. కత్తులంటే పీవీసీ పైపుకి, ఏసీ గొట్టాలకి వేసే నల్ల స్పాంజి తొడిగి, పైన టేపు చుట్టినవి. తగిలితే నొప్పి పెద్దగా ఉండదు, చప్పుడు మాత్రం బాగా వస్తుంది. సాగరతీర సమురాయ్ దండు అని పేరు. ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన గురునాథరావు దాన్ని పెట్టి ఎనిమిదేళ్లయింది.

గోడ మీద అయిదు వరసల మేకులు, మేకులకి పేర్లు రాసిన చెక్కలు. అన్నిటికన్నా కింద అషిగారులు, అంటే కాలిబంట్లు. వాళ్ల మీద సమురాయ్‌లు. ఆ పైన హతమొతోలు, అంటే షోగున్ సొంత బలగం, ఆ పైన దైమ్యోలు, అంటే సామంతులు. అందరి నెత్తి మీదా ఒకే ఒక్క మేకు, షోగున్‌ది. జపానులో ఎప్పుడో పోయిన ఈ మెట్లన్నీ గురునాథరావు ఇంటర్నెట్లో చదివి, నోట్సు రాసుకుని, ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి తలుపు పక్కన తగిలించాడు. షోగున్ ఎవరో చెప్పక్కర్లేదు.

చెక్కలు చేసింది మౌలాలి. పాతనగరంలో ఉంటాడు, హార్బర్లో పడవలు బాగుచేసే వడ్రంగి. యారాడ దగ్గర మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక పడవ పలకలు కోసి చేశాడు. ఆ పడవలోకి నీళ్లొస్తున్న సంగతి దాన్ని నడిపే సరంగుకి ముందే తెలుసట, పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదట. మనుషులందరూ ఈదుకుని బయటపడ్డారు.

దండులో నియమాలు చాలానే ఉన్నాయి గానీ అన్నిటికీ తల్లి ఒక్కటే. దెబ్బ తగిలిందో లేదో తగిలినవాళ్లే చెప్పాలి. అంపైరు ఉండడు. తగిలినవాళ్లు చెయ్యెత్తి 'తగిలింది' అనాలి, అంటేనే ఎదుటివాళ్లకి గెలుపు. అనకుండా దాచుకుంటే గోడ మీద వాళ్ల చెక్క నించి ఉప్పునీళ్లు కారతాయి. అందుకే బకెట్టు. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు కత్తి ఎలా పట్టాలో చూపిస్తారు, బూట్లు సుమంత్ అనేవాడి చెక్క కింద విడవొద్దని చెబుతారు. షోగున్ చెక్కకి రెండు పూతల వార్నిష్ ఉంది. అయినా వానాకాలంలో కాస్త చెమర్చుతుంది. దాని గురించి ఎవరూ ఏమీ అనరు. ఐసు ఫ్యాక్టరీ గోడన్నాక చెమ్మ ఉండదా?

బకెట్టు పారబోసే పని హరిచందనదని లామినేషన్ కాగితంలో ఎక్కడా లేదు. అయినా అది ఆమె పనేనన్న సంగతి ఒక్కరూ మరిచిపోలేదు.

ఆమె దండులో చేరింది కత్తుల మీద మోజుతో కాదు, ఆ నియమం మీద మోజుతో. పెళ్లయిన రెండో ఏడు, పెద్దమనుషుల ముందు ఆమె మొగుడు సాయిశంకర్ "చెయ్యి విసిరిన మాట నిజమే గానీ తగల్లేదండి" అన్నాడు. పెద్దమనుషులు హమ్మయ్య అనుకుని టీలు తాగారు. తగిలిందా అని ఆమెను ఒక్కరూ అడగలేదు. ఆ మర్నాడే ఆమె పెట్టె సర్దుకుంది. తర్వాత కొన్నాళ్లకి స్నేహితురాలితో సరదాగా షెడ్డుకి వచ్చి, తలుపు పక్కన ఆ వాక్యం చదివి, అక్కడే నిలబడి మళ్లీ చదివింది. కొట్టినవాడి మాట కాక, తగిలినవాళ్ల మాట చెల్లే చోటు ఒకటి ఈ ఊళ్లోనే ఉందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

ఉంది, కాగితం మీద.

వారంలో ఆరు రోజులు ఆమె పోర్టు రోడ్డులో వేబ్రిడ్జి దగ్గర కూర్చుంటుంది. లారీవాళ్లు దాన్ని కాటా అంటారు. బొగ్గు లారీ ఎక్కి నిలబడితే, కిటికీ వెనక నించి ఆమె బరువు చదువుతుంది. ఇరవై రెండు చక్రాల బండి తోలేవాడు కూడా ఆమె చెప్పిన బరువుకి మారు మాట్లాడడు. ఆదివారం అదే మనిషి అరవై కిలోల మగాడి వీపు మీద షెడ్డంతా మోగేలా కొడితే, వాడు నాలుగు దిక్కులా చూసి "గాలి తగిలిందక్కా" అంటాడు.

గాలి తగిలే జబ్బు అందరికన్నా సుమంత్‌కి ఎక్కువ. ఇరవై ఎనిమిదేళ్లవాడు, ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఫిట్టరు, దండులో హతమొతో. మనిషి చెడ్డవాడు కాదు. హరిచందన స్కూటీ ఆగిపోతే రెండుసార్లు మెకానిక్ దాకా తోసుకెళ్లాడు. వారమంతా సూపర్వైజరు ముందు తల వంచేవాడికి ఆదివారం కూడా వంచమంటే మెడ ఒప్పుకోదు. అది ఆమెకి అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఆమె చెక్క పైమేకుకి ఎక్కదు.

అషిగారు సమురాయ్ కావాలంటే ఒకే ఏడాదిలో ముగ్గురు తన చేతిలో 'తగిలింది' అనాలి. సమురాయ్ అయితేనే కొత్తవాళ్లకి నేర్పే హక్కు. షెడ్డుకి వచ్చే ఆడపిల్లలు నేర్పేవాళ్లు లేక రెండు వారాల్లో మానేస్తున్నారు. వాళ్లని తన దగ్గర ఉంచుకుని నేర్పాలని హరిచందన కోరిక. ఇంకో నియమం కూడా ఉంది. అయిదేళ్లలో సమురాయ్ కాలేకపోయిన అషిగారు కత్తి అప్పజెప్పి సహాయక దళంలోకి వెళ్లాలి. కవచాలు కుట్టడం, ఫొటోలు తీయడం, టీ పెట్టడం ఆ దళం పని. ఇప్పటిదాకా అందులోకి వెళ్లినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ ఆడవాళ్లేనని వేరే చెప్పాలా?

హరిచందన అయిదో ఏడు ఇప్పుడు చెప్పబోయే ఆదివారంతో ముగుస్తుంది. ఆ ఏడాదివి చేతిలో రెండు గెలుపులున్నాయి. ఒకటి మౌలాలి ఇచ్చింది. ఇచ్చాడనడం తప్పు, ఆమె కొట్టింది, ఆయన ఒప్పుకున్నాడు. రెండోది వాసు అనే సమురాయ్ ఒప్పుకున్నాడు. మర్నాడు చెన్నై ఉద్యోగానికి వెళ్లిపోతున్నాడు కాబట్టి అతనికి పోయేదేమీ లేదు. ఇంకొకటి కావాలి.

ఆ పొద్దున్న గురునాథరావు ఎవరితో ఎవరు తలపడాలో కాగితం అంటించాడు.

"ఏటక్కా, ఇయ్యాల స్వీట్లు పంచుతావా?" అన్నాడు సుమంత్, ముంజేతికి కవచం కట్టుకుంటూ.

"ఏటి సంగతి?"

"షోగున్ గారు నీకు ఫాయిజాని ఏసినారు. ఆరు నెల్ల కితం సేరిన గుంట. ఇంక నువ్వు సమురాయ్ అయిపోయినట్టే."

"నిన్ను ఏస్తే బాగున్ను. నీకు ఇప్పటికి పదకొండుసార్లు గాలి తగిలింది. పన్నెండోది కూడా తగిలీది."

సుమంత్ నవ్వేశాడు. "లెక్కెట్టుకుంటన్నావేటి?"

"కాటా దగ్గర కూకుంటాను కదా. అలవాటు."

ఫాయిజా మౌలాలి మనవరాలు. డిగ్రీ రెండో ఏడు, మాట నెమ్మది, ఎడమచేతి వాటం. తాత వెనకాల కవచం మోస్తూ వచ్చి, చూస్తూ చూస్తూ కత్తి పట్టింది. ఇద్దరూ సున్నంతో గీసిన వలయంలోకి దిగారు. జనమంతా తలుపు వైపు నిలబడ్డారు.

హరిచందన బాగా ఆడింది. కానీ ఆ పిల్ల ఎడమచేయి ఎటు నించి వస్తుందో అందడం లేదు. నాలుగో అడుగులో ఫాయిజా వంగి, గోడ వైపు నించి కత్తి తిప్పింది. అది హరిచందన కుడి చంక కింద, పక్కటెముకల మీద పడింది. సరిగ్గా అప్పుడే హార్బర్లో ఏదో పడవ హారన్ కొట్టింది. చప్పుడు అందులో కలిసిపోయింది.

మాట నాలుక మీదికి వచ్చింది. అక్కడే ఆగింది. ఎంతసేపని? లారీ కాటా ఎక్కాక అంకె కుదురుకోవడానికి పట్టేంతసేపు. ఆ తర్వాత హరిచందన చెయ్యి దాని పని అది చేసింది. కత్తి ఫాయిజా భుజం మీద పడింది.

"తగిలింది," అంది ఫాయిజా వెంటనే, చెయ్యెత్తి.

చప్పట్లు మోగాయి. గురునాథరావు బీరువా తీసి, ఎర్ర అంచున్న నల్ల నడికట్టు బయటికి తీశాడు. సహాయక దళం కుట్టిందే. హరిచందన చెక్కని కింది మేకు నించి తీసి, తన చేత్తోనే రెండో వరసలో పెట్టాడు. అందరూ అటే చూస్తున్నారు.

టప్పుమని ఒక చుక్క నేల మీద పడింది. వెనకే ఇంకొకటి.

"నవీన్, బకెట్టు కాస్త ఇటు జరుపు," అన్నాడు గురునాథరావు. గోడ పక్కన నిలబడ్డ ఆ కుర్రాడు కాలితో తోశాడు. చుక్కలు బకెట్లో పడసాగాయి. ఎవరి మొహంలోనూ ఏ మార్పూ లేదు.

సుమంత్ దగ్గరికొచ్చి ఆమె భుజం తట్టాడు. "ఇంక నువ్వూ మాలో మనిషివే అక్కా," అన్నాడు. వెక్కిరింత కాదు. నిజంగానే సంతోషపడ్డాడు.

నడికట్టు ఆమె చేతిలో మెత్తగా ఉంది. అయిదేళ్లు ఎదురుచూసిన గుడ్డ. దీన్ని కట్టుకుంటే వచ్చే ఆదివారం నించి ఆడపిల్లలకి నేర్పొచ్చు. వాళ్లకి మొదటిరోజు ఏం చెబుతుంది? తగిలినవాళ్లే చెప్పాలని చెబుతుంది, వెనక చెక్క కారుతుంటే. ఆమెకి పెద్దమనుషుల గది గుర్తొచ్చింది. అప్పుడూ ఇలాగే, అందరూ హమ్మయ్య అనుకున్నారు.

హరిచందన చెయ్యెత్తింది. "తగిలింది."

"ఎవరికమ్మా?" అన్నాడు గురునాథరావు.

"నాకు సార్. నేను కొట్టకముందే. ఇక్కడ." పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూపించింది.

ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరూ చూడలేదు కదా హరీ. అయిపోయింది. ఇయ్యాల్టితో నీకు గడువు తీరిపోతాది, తెలుసు కదా. కట్టేసుకో."

"తెలుసు సార్. తగిలింది."

"నాను అడగలేదు కదక్కా," అంది ఫాయిజా. "ఒగ్గీ, పోనీలే."

"తగిలిందని నీకు తెలుసా?"

ఫాయిజా తల దించుకుంది. "తెలుసు. నీకు కావాలి కదా అని ఊరుకున్నాను."

"నీ దెబ్బ నువ్వు ఎవరికోసమూ ఒదులుకోకు. నాకోసం కూడా. అంత బాగా కొట్టి ఊరుకుంటారేటి?"

వెనక మౌలాలి చప్పుడు లేకుండా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రెండో వరసలో చెక్క అంచున వేలాడుతున్న చుక్క కింద పడలేదు. ఊగి ఊగి, మెల్లగా చెక్కలోకే ఇంకిపోయింది.

గురునాథరావు కాగితానికి కట్టుబడ్డ మనిషి. గెలుపు ఫాయిజాకి రాశాడు. హరిచందన చెక్కని మేకు నించి తీశాడు. సహాయక దళానికి గోడ మీద వరస లేదు, వాళ్ల చెక్కలు టీ స్టవ్వు వెనక అరలో ఉంటాయి. ఆయన అటు నడవబోతుంటే ఆమె చెయ్యి చాపింది.

"ఇటివ్వండి సార్."

"పట్టుకుపోతే రోనిన్‌వి అయిపోతావమ్మా."

రోనిన్ అంటే దొర లేని సైనికుడని కాగితంలో ఉంది. దొర లేకపోవడం శిక్ష ఎలా అవుతుందో హరిచందనకి ఆ అయిదేళ్లలోనూ బోధపడలేదు. చెక్క తీసుకుని సంచిలో వేసుకుంది. నడికట్టు మడతపెట్టి ఆయన చేతికిచ్చింది. పోతూ పోతూ గోడ కింద చూసింది. బకెట్టు సగం నిండి ఉంది.

ఎత్తలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాడు ఆ నీళ్లు తనవని ఒప్పుకున్నట్టవుతుందని అందరికీ భయం. మూడో వారానికి బకెట్టు పొంగింది, ఆరో వారానికి షెడ్డులో మడమల లోతు నీళ్లు. దండు ఆ నీళ్లలోనే తపతపలాడుతూ ఆడింది. ఈ ఏడు చెమ్మ ఎక్కువైందని గురునాథరావు అన్నాడు. సహాయక దళం ముగ్గురూ ఒకే రోజు మానేశారు.

ఒక మధ్యాహ్నం సుమంత్ కాటా దగ్గరికి వచ్చాడు. లారీలు లేవు. కిటికీ ముందు నిలబడి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అక్కా, నాకు నీ సేతిలో తొమ్మిదిసార్లు తగిలింది," అన్నాడు.

"పదకొండు," అంది హరిచందన.

సుమంత్ హెల్మెట్ కిటికీ గట్టు మీద పెట్టాడు. "పదకొండు," అన్నాడు. ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది.

మరుసటి జూన్‌లో హరిచందన తగరపువలస మార్కెట్ వెనక ఒక మేడ మీద ఆడపిల్లలకి కత్తి నేర్పడం మొదలుపెట్టింది. మిగిలిన పడవ పలకలు కోసి మౌలాలి చెక్కలు చేసిచ్చాడు. అక్కడా మెట్లున్నాయి. పైకెక్కడానికి గెలవక్కర్లేదు, మూడుసార్లు చెయ్యెత్తి 'తగిలింది' అంటే చాలు. బకెట్టు కొనలేదు. ఫాయిజా అక్కడే సమురాయ్ అయింది. హరిచందన ఇప్పటికీ అషిగారే. రెండేళ్లలో ఆమెకి తగిలింది రెండుసార్లే.