పెద్దరాయి వైపు

చంక దాకా నీళ్లలో ముంచిన చేత్తో అతను గడ్డి కత్తిరిస్తున్నాడు. చేపల తొట్టి గాజు బయటి నుంచి చూస్తే ఆ చెయ్యి నీటిమట్టం దగ్గర విరిగి, కాస్త పక్కకు జరిగి అతుక్కున్నట్టుంటుంది. తెగిన ఆకులు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. వాటిని రెండో చేత్తో చిన్న వలలోకి తీసి బకెట్లో దులుపుతున్నాడు. తొట్టి అంచుకు ఆనిన చెంప మీద ఎర్రటి గీత పడింది. ఈమధ్య ఆ గీత సాయంత్రానికి కూడా పూర్తిగా పోవడం లేదు.

అది పళ్ల ఆస్పత్రిలో రోగులు ఎదురుచూసే గది. ఇంకా ఎవరూ రాలేదు. కౌంటరు దగ్గరి అమ్మాయి బల్ల తుడుస్తూ అంది.

"చేపలాయనా, ఆ చేపను చూశారా? రాయికి వీపు రుద్దుకుంటోంది."

"చూశానమ్మా."

"దాని పనే నయం. పొద్దస్తమానం ఈ కుర్చీలో కూర్చుంటే నాకూ అలాగే ఉంటుంది. రుద్దుకోవడానికి రాయి కూడా లేదు."

అతను తల ఎత్తకుండానే నవ్వాడు. ఆ చేప దురద సంగతి అతనికి చాలాకాలంగా తెలుసు. నీటి అంచున గాజు మీద తెల్లటి పొర కడుతోంది. మొక్కలకు వచ్చే కొత్త చిగుళ్లు పసుపుపచ్చగా పాలిపోతున్నాయి. తప్పు ఆ చేప వీపు రుద్దుకునే పెద్దరాయిది. అది సున్నపురాయి. కొద్దికొద్దిగా కరిగి నీళ్లలో కలుస్తోంది. తొట్టిలో పెట్టే ముందు రాయి మీద వెనిగర్ చుక్క వేసి, నురగ వస్తుందేమో చూడటం ఈ పనిలో మొదటి పాఠం. అన్ని రాళ్లకూ చూస్తాడు. దీనికి చూడలేదు. లారీ దింపిన గుట్టలోంచి దీన్ని ఏరి, అరచేత్తో దుమ్ము తుడిచి, "ఇది బాగుంది కదూ" అన్నది అతని భార్య. ఆ ముఖం ముందు వెనిగర్ సీసా తీయబుద్ధి కాలేదు. ఆమె పోయి మూడేళ్లు. ఈ మూడేళ్లూ అందరి తొట్లకంటే ఈ తొట్టికి ఎక్కువసార్లు నీళ్లు మారుస్తూ నెట్టుకొచ్చాడు.

ఆమె బట్టలు కుట్టేది. తొట్టిలో ఏది ఎక్కడ ఉండాలో అతనికి నేర్పింది ఆమే. కొలతల టేపును తొట్టి పొడవునా పట్టి, దాన్ని మూడు మడతలు చేసి, మొదటి మడత మీద వేలుంచి "పెద్దరాయి ఇక్కడ పెట్టు" అనేది. సరిగ్గా నడిమధ్య పెడితే తొట్టి రెండు ముక్కలవుతుంది, ఏ ముక్క చూడాలో చూసేవాడికి తోచదు. "కన్ను ముందు ఎక్కడ వాలుతుందో అక్కడ కుట్టు వంకరపోకూడదు. మిగతాచోట్ల దేవుడు క్షమిస్తాడు" అనేది. పక్కన పెట్టే రాళ్లు దానికంటే చిన్నవి కావాలి, ఒకదానికంటే ఒకటి చిన్నవి కావాలి, అన్నీ దాని వైపే ఒరిగి ఉండాలి. ఆ టేపు ఇప్పటికీ అతని జేబులోనే ఉంటుంది. మొదటి అంకెలు అరిగిపోయాయి.

ఆ రాయిని ఇవాళే ఎందుకు తీయాలనిపించిందో అతను తనను తాను అడగలేదు. రెండు చేతులూ ముంచి, రాయిని ముందుకీ వెనక్కీ కదిపి, పైకెత్తాడు. మట్టి పొగలా లేచింది. రాయిని తడిగోనెలో చుట్టి నేలమీద పెట్టాడు. నీళ్లు తేరుకునేదాకా మోకాళ్ల మీదే కూర్చున్నాడు. తేరుకున్నాక, చిన్నరాళ్లన్నీ ఎప్పటిలాగే ఒకే వైపు ఒరిగి కనిపించాయి. అవి ఒరిగిన చోట గుంట ఉంది.

"అయ్యో, అదెందుకు తీశారు?" అంది ఆ అమ్మాయి దగ్గరికొచ్చి.

"నీళ్లు పాడుచేస్తోందమ్మా."

ఆమె తల పక్కకు వంచి చూసింది. "ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది."

పద్ధతి ప్రకారం చిన్నరాళ్లన్నీ పీకి, వాటిలో పెద్దదాన్ని పెద్దరాయిగా నిలబెట్టి, మిగతావాటిని దాని వైపు తిప్పాలి. అతను ఒకదాని మీద చెయ్యి వేశాడు. తర్వాత తీసేశాడు. కత్తిరించిన గడ్డిలోంచి వేళ్లున్న పిలకలు ఏరి గుంటలో నాటి, "వచ్చేవారం సర్దుతాను" అన్నాడు.

ఇక్కడ అతను చేపలాయన. హోటల్లో తొట్టి మనిషి. ఇంట్లో మాత్రం బావ. ఆ పిలుపు పిలిచేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడు ఇవాళ సాయంత్రం వెళ్లిపోతున్నాడు.

బావమరిది చదువుకోవడానికి అక్క ఇంటికి వచ్చి, ఉద్యోగం వచ్చినా వెళ్లలేదు. అక్క పోయినా వెళ్లలేదు. నలభై దాటాక ఇప్పుడు పెళ్లి కుదిరింది. తనతో పార్సిల్ ఆఫీసులో పనిచేసే ఆవిడే. కిందటి వారం ఆమెను ఇంటికి తీసుకొచ్చినప్పుడు, "ఈయన మా అక్క భర్త" అని పరిచయం చేశాడు. తప్పేమీ లేదు. అయినా ఆ మాట అతనికి చెప్పులో రాయిలా గుచ్చుకుంది. అక్క లేనప్పుడు అక్క భర్త ఎవరు?

అతను ఇల్లు చేరేసరికి గది నిండా పెట్టెలు.

"వచ్చావా బావా? ఈ గుడ్డలమూట నీదా, నాదా?"

"నీదేరా. ఆ కంపు నాకు తెలీదూ!"

"కంపు గురించి నువ్వే చెప్పాలి. ఇరవై ఏళ్లు నీ నాచు కంపుతో కాపురం చేశాను. మా అక్కంటే కట్టుకుంది కాబట్టి భరించింది. నాకేం ఖర్మ?"

"ఇవాళ్టితో తీరిపోతోందిగా."

అతను వంగి ఒక పెట్టె తాడు విప్పి మళ్లీ గట్టిగా బిగించాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పగిలితే నా గిన్నెలేగా పగిలేది" అన్నాడు బావమరిది. మళ్లీ తనే అన్నాడు. "ఆవిడకి ఇద్దరు తమ్ముళ్లు. పెద్దవాడు నిన్న ఎదురుపడి 'బావగారూ' అన్నాడు. ఎవర్ని పిలుస్తున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను."

"అలవాటవుతుందిలే. బావంటే తేలికనుకున్నావా? నోరు మూసుకుని పడుండాలి."

"నిన్ను చూస్తూనే ఉన్నాగా."

ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. ఆ కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా ఉండవు. రెండూ కిటికీ పక్క మూలకు తిరిగి ఉంటాయి. అక్కడ కుట్టుమిషన్ ఉంది. ఆమె కుడుతుంటే చెరోపక్క కూర్చుని ఆమెతో మాట్లాడేవారు. ఆమె పోయాక కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, మిషన్ వైపు చూస్తూనే మాట్లాడుకున్నారు. దాని మీద ఎవరూ కుట్టలేదు. అయినా అది తుప్పు పట్టలేదు. అప్పుడప్పుడు బావమరిది దాని పక్కన గొంతుక్కూర్చుని నూనె వేయడం అతను చూశాడు. చూడనట్టు ఉండిపోయాడు.

"మిషన్ తీసుకెళ్లు" అన్నాడు అతను.

"వద్దు బావా."

"ఆవిడకి కుట్టు వచ్చన్నావుగా."

"వచ్చు. మరి నీకు?"

"నేను చేపలకి చొక్కాలు కుట్టాలా?"

బావమరిది నవ్వలేదు. లేచి మిషన్ పక్కన నిలబడి, దాని చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. సూది కిందికి దిగి పైకి వచ్చింది.

"సరే, నీ వైపు ఎత్తు" అన్నాడు.

మెట్ల మీదుగా ఇద్దరూ మోశారు. మలుపు దగ్గర మిషన్ గోడకు తగిలి సున్నం రాలింది. "చూసుకో," "నువ్వు చూసుకో" తప్ప ఏమీ అనుకోలేదు. చివరి పెట్టె కూడా వ్యానులోకి చేరాక, బావమరిది ప్యాంటుకు చేతులు తుడుచుకుని, "నీళ్ల మోటారు ఆపడం మర్చిపోకు" అని ఎక్కి కూర్చున్నాడు.

వ్యాను కదిలింది. సందు మలుపులో ఆగింది. కిటికీలోంచి తల బయటికి వచ్చింది.

"బావా!"

ఆ కేకకు మేడ మీద ఎవరో తొంగిచూశారు.

"నూనె డబ్బా ఉండిపోయింది! కిటికీలో!"

"తెచ్చివ్వనా?"

"వద్దు. పారెయ్యకు. నేనే వస్తా."

వ్యాను మలుపు తిరిగిపోయింది. అతను మెట్లెక్కాడు. మోటారు ఆపాడు. పొద్దున తొట్టిలోంచి తీసి తెచ్చిన రాయి గోనెలో తడిగానే ఉంది, దాన్ని వెనక వసారాలో పెట్టి వచ్చాడు. మిషన్ ఉన్న చోట నేల మిగతా గదికంటే నున్నగా, కొత్తగా ఉంది. కుర్చీని తిప్పుదామని దాని వీపు పట్టుకున్నాడు. ఎటు తిప్పాలో తోచలేదు. అలాగే వదిలి అందులోనే కూర్చున్నాడు.

కిటికీ గట్టు మీది బావమరిది సామాన్లన్నీ వెళ్లిపోయాయి. నూనె డబ్బా ఒక్కటే ఉంది, శుభ్రంగా తుడిచి, దాని సన్నటి పొడుగాటి ముక్కు మిషన్ ఉన్న మూల వైపుకే తిరిగి.