వేరే బండి బోల్టులు

ఆళ్లగడ్డలో హైవే పక్కన లారీ షెడ్డు నడిపే సుభాన్‌కు పని వచ్చు. పొగరూ ఉంది. మొదటిదాని గురించి ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, రెండోదాని గురించి అడక్కపోయినా చెబుతారు. అయినా లారీల వాళ్లు వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఇంజిన్‌లోంచి ఏ సామాను తీసి కొత్తది వేసినా, తీసిన పాతదాన్ని గుడ్డలో మూటగట్టి బండి యజమాని చేతిలో పెడతాడు. "ఇదిగోప్పా, నీది నీకు" అంటాడు. మార్చకుండానే మార్చామని చెప్పే షెడ్లు లోకంలో బోలెడున్నాయి కాబట్టి ఆ మూటకు విలువ.

నంద్యాల దేవసహాయం పాత లారీకి ఇంజిన్ మూతలాంటి హెడ్డు కింద ఉండే గాస్కెట్ పోయి ఆ షెడ్డుకు వచ్చింది. ఆ కుటుంబానికి ఉన్నది ఆ ఒక్క బండే. బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని శ్రీశైలం దాకా తోలుతుంది. దేవసహాయానికి మోకాళ్లు సహకరించక స్టీరింగు కొడుకు డేనియల్‌కు అప్పగించాడు. సోమవారం పొద్దున్నే డేనియల్ లోడుతో నల్లమల ఘాటు ఎక్కాలి. దానికి ముందు, ఆదివారం సాయంత్రం, బండి బాగై వస్తున్నందుకు ఇంటి దగ్గర కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. పాస్టరుగారికి, బంధువులకు కబురు వెళ్లిపోయింది.

హెడ్డు విప్పగానే సుభాన్ బోల్టులన్నీ కడిగి, తలకిందులుగా ఒక అద్దం పలక మీద నిలబెట్టాడు. వాటి మీద స్టీలు స్కేలు పెడితే అది నిలవకుండా ఊగింది. రెండు బోల్టులు మిగతావాటికంటే గోరు మందం పొడుగున్నాయి. ఏళ్ల తరబడి వేడికీ బిగింపుకీ సాగిపోయాయి. సాగిన బోల్టు మళ్లీ గట్టిగా పట్టదు. అన్నీ కొత్తవే వేయాలని ఆయనే దేవసహాయానికి ఫోన్ చేసి చెప్పాడు, శనివారం పొద్దున నంద్యాల బస్సెక్కాడు.

అక్కడ స్పేర్ పార్టుల అంగట్లో ఉండేది అమానుల్లా, సుభాన్ కొడుకు వయసువాడు.

"చాచా, పాత బోల్టు ఒకటి పట్టుకొచ్చినావా? సైజు సూసి ఇస్తా" అన్నాడు.

"బోల్టు సైజు నాకు నువ్వు చెప్తావారా? ఆ డబ్బా ఇయ్యి బేగ."

"పోనీ ఫోటో అన్నా తెప్పించుకో చాచా."

సుభాన్ ఆ మాట విననట్టే నిలబడ్డాడు. డబ్బా తీసుకుని వచ్చేశాడు. తీరా షెడ్డులో విప్పి చూస్తే ఒక్కో బోల్టు బొటనవేలి వెడల్పు పొట్టి. ఆ బండికి వెనకెప్పుడో వేరే ఇంజిన్ ఎక్కించారని అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కించింది కూడా ఆయనే.

మధ్యాహ్నం కూడా దాటలేదు. మళ్లీ బస్సెక్కితే సాయంత్రానికి సరైన బోల్టులతో వచ్చేయొచ్చు. కానీ కౌంటరు వెనక అమానుల్లా నవ్వు ఆయన కళ్ల ముందు కదిలింది. పొరపాటైందని ఆ పిల్లగాడి ముందు నిలబడాలంటే సుభాన్‌కు ప్రాణం పోయినట్టయింది. ఇంకేదైనా పెద్ద కారణం ఉండుంటే ఈ కథకైనా కాస్త పరువు దక్కేది. కానీ ఉన్న కారణం అదొక్కటే.

పాత బోల్టులనే వైరు బ్రష్షుతో రుద్ది, నూనె పూసి పెట్టాడు. వెనకటి రోజుల్లో అందరూ పాతవే వేసేవాళ్లు కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. పానా వేసి బిగిస్తుంటే మిగతావన్నీ పట్టాయి. సాగిన రెంటిలో ఒకటి మాత్రం బిగిసినట్టే బిగిసి, చేతి కింద మెత్తబడి తిరుగుతూ పోయింది. ఆ మెత్తదనం ఏమిటో సుభాన్‌కు తెలియక కాదు. అక్కడితో ఆపి, పానా కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

తర్వాత మూట సంగతి వచ్చింది. ఇవ్వకపోతే దేవసహాయం అడుగుతాడు. మూలనున్న పాత ఇనుము డబ్బాలోంచి ఎవరిదో లారీ నుంచి ఎప్పుడో తీసిన తుప్పు బోల్టులు ఏరి గుడ్డలో కట్టాడు. ఆదివారం బండి కోసం దేవసహాయం డేనియల్‌ను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు "ఇదిగోప్పా, నీది నీకు" అన్నాడు. ఏమాత్రం తడబడలేదు. అంత సులువుగా ఎలా అనగలిగానా అని తర్వాత ఆయన చాలాసార్లు తలచుకుని కుమిలిపోయాడు.

ప్రార్థనకు రావాల్సిందేనని దేవసహాయం పట్టుబట్టి సుభాన్‌ను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకున్నాడు. ఖాళీ బండి కాబట్టి ఇంజిన్ సాఫీగా పాడుతోంది. నంద్యాల దాకా సుభాన్ దాన్ని వింటూనే ఉన్నాడు. రేపు వెనక రాళ్లుంటాయి. ఎగువలో గాస్కెట్ మళ్లీ పోతే ఇంజిన్ ఆగుతుంది. ఇంజిన్ ఆగితే బ్రేకులకు గాలి అందదు. లోడు బండి వెనక్కి జారుతుంటే డేనియల్ ఏం చేస్తాడు? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా సుభాన్ కిటికీలోంచి పొలాల వైపు చూశాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. బండికి బంతిపూల దండ వేశారు. దేవసహాయం భార్య దానమ్మ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి బైబిలు పెట్టింది. పాటలయ్యాక దేవసహాయం దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచి, ఆ బైబిలు పక్కనే మూట పెట్టి విప్పాడు.

"ఇవి మా బండి పాత బోల్టులు. ఎట్ల తుప్పు పట్టినాయో సూడండి. ఇట్లాంటివాటితో మావోడు ఇన్నాళ్లు ఘాటెక్కి దిగినాడంటే అది దేవుని కాపుదల. ఇంగొకరైతే వీటినే మళ్లా ఏసి, మార్చినామని అబద్ధం చెప్పి పంపిచ్చేవాళ్లు. సుభానన్న అట్లాంటోడు కాదు."

ముందు వరసలోని ఒక పెద్దావిడ ఒక బోల్టును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "స్తోత్రం" అంటూ పక్కావిడకు అందించింది. అది వరసంతా చేతులు మారుతూ వస్తుంటే సుభాన్ తల వంచుకున్నాడు. ఎవరిదో తెలియని లారీ తుప్పుకు ఇంతమంది దేవుణ్ణి స్తుతిస్తున్నారు.

పాస్టరు ప్రభుదాసు ఆయన దగ్గరికి వచ్చాడు. "సుభాన్ భాయ్, మీకు అభ్యంతరం లేకుంటే చేతులు ఇట్ల పెట్టండి. ప్రార్థన చేస్తా."

సుభాన్ రెండు చేతులూ చాపాడు. గోళ్లలో ఇంకా గ్రీజు ఉంది. పాస్టరు వాటిని తన అరచేతుల్లోకి తీసుకుని కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, నమ్మకమైన ఈ చేతులను..."

సుభాన్ చేతులు వెనక్కి లాక్కున్నాడు. "వద్దయ్యగారూ. ఆ బోల్టులు ఈ బండియి కావు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన దేవసహాయం వైపు తిరిగాడు.

"నీ బోల్టులు నీ బండిలోనే ఉండాయప్పా. పాతయ్యే ఏసినా. రెండు సాగిపోయినాయి. తెలిసే ఏసినా."

"ఎందుకన్నా?" అన్నాడు దేవసహాయం.

"సైజు తప్పు తెచ్చినా. మళ్లా పోయి అడిగేకి సిగ్గయింది."

అంతమంది మధ్య ఆ మాట చాలా చిన్నగా వినిపించింది. దేవసహాయం బండి వైపు చూశాడు. "మరి ఎప్పుడు చెప్దామనుకున్నావు?"

సుభాన్‌కు చెప్పడానికి నిజం తప్ప ఏమీ దొరకలేదు. "అనుకోలేదప్పా" అన్నాడు.

"నేను రేపు పోయేవాణ్ని కదా మామా" అన్నాడు డేనియల్. పాస్టరు చిన్న ప్రార్థనతో కూడిక ముగించాడు. దానమ్మ బోల్టులన్నీ ఏరి మూటగట్టి పక్కన పెట్టింది. తెల్లగుడ్డ మీద నల్లటి మరక మిగిలింది.

"అన్నం తినన్నా" అని ఆమె అందరితోపాటే ఆయనకూ వడ్డించింది. ఎవరైనా నాలుగు తిట్టుంటే ఆ అన్నం తినడం కాస్త తేలికయ్యేదేమో. ఆయన విస్తరి మీంచి చూపు ఎత్తకుండా తిన్నాడు.

సోమవారం డేనియల్ వెళ్లలేదు. పొద్దున్నే సుభాన్ పానాల సంచితో మొదటి బస్సుకు వచ్చి, ఇంటి ముందే ఇంజిన్ విప్పాడు. ఒక బోల్టు పట్టుకుని అమానుల్లా దగ్గరికి నడిచాడు. "సైజు తప్పు పట్టుకపోయినారా మొన్న" అన్నాడు. అమానుల్లా నవ్వలేదు. "ఆ ఇంజిన్‌తో అందరికీ అయితాంటుంది చాచా" అని కొలిచి వేరే డబ్బా ఇచ్చాడు. సుభాన్ భయపడి చచ్చిన నవ్వు ఆ అంగట్లో అసలు లేనే లేదు.

తిరిగొచ్చేసరికి బండి పక్కన దేవసహాయం ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో సుభాన్ చేతిలో బండి ఉంటే ఆ మనిషి చేసింది ఒకటే పని. మంచం మీద వాలి గురకపెట్టేవాడు. పనైపోయాక లేపితే కళ్లు నులుముకుంటూ బండెక్కేవాడు.

"ఎండగుంది. లోపల పండుకోప్పా, అయినాక లేపుతా" అన్నాడు సుభాన్.

"లేదులేన్నా. కూచుంటా."

సుభాన్ కొత్త బోల్టులు ఒక్కొక్కటే దించి బిగించడం మొదలుపెట్టాడు. దేవసహాయం కళ్లు ఆయన మణికట్టు మీదే ఉన్నాయి. కాసేపటికి, మొహమాటపడుతూ, "ఏమనుకోవద్దు సుభానన్నా" అన్నాడు. "ఇంగ ఎప్పుడు పనిబడినా నేనో మావోడో ఇట్ల కూచోని సూస్తాంటాం."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని సుభాన్‌కు అనిపించింది. పానా అలాగే పట్టుకుని, తల తిప్పకుండా అన్నాడు.

"కుర్చీ కొంచెం ఇట్ల జరుపుకోప్పా. ఆడ్నుంచి నీకు సరిగ్గా కనపడదు."

దేవసహాయం లేచి కుర్చీని దగ్గరికి లాక్కున్నాడు.