అరుపులక్క

పిడికిలి బిగించి తన పొట్టలో తానే గుద్దుకుంది. "హుక్" మన్న చప్పుడు మైకులో పడింది. గాజు పలకకు అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదక్కా. దెబ్బ తగిలితే తెరమీద ఆవిడకి కోపం రావాలి. నీకు నీరసం వస్తోంది."

ఆమె నవ్వలేదు. నవ్వినా గొంతు ఖర్చే. బొటనవేలు ఎత్తి చూపించి మళ్లీ మైకు ముందు నిలబడింది.

మనిషి చేతులు చాస్తే గోడలు తగిలే గది. గోడలకూ, తలుపుకూ, కప్పుకూ బూడిదరంగు స్పాంజి. తలుపు మూస్తే బయట పిడుగు పడినా తెలియదు. చప్పుడవుతుందని ఫ్యాను కూడా ఆపేస్తారు. చెమట మెడ మీంచి వీపులోకి జారుతోంది. తెరమీద ఎర్ర ముసుగు వేసుకున్న కుంగ్‌ఫూ మనిషి గాల్లోకి లేచి తన్నుతోంది.

ఒకప్పుడు పిల్లలంతా వేళ్లు నొప్పెట్టేలా ఆడిన వీడియో గేమ్ అది. ఇప్పుడు సినిమాగా తీశారు. నటించిన అమ్మాయి వేరు, మాటలు చెప్పిన అమ్మాయి వేరు. అరుపులు మాత్రం ఈమెవి. అప్పట్లో ఆ గేముకు అరిచింది ఈమే. ట్రైలర్‌లో కొత్త గొంతు వినగానే అభిమానులు నానా రచ్చ చేస్తే, వెతికి పట్టుకొచ్చారు. స్టూడియోలో అందరూ అరుపులక్క అంటారు.

హెడ్‌ఫోన్‌లో పాత అరుపు వినిపిస్తారు. అచ్చం అలాగే అరవాలి. అది పెళ్లికాని రోజుల్లో, గుండెల నిండా ఊపిరి ఉన్నప్పటి అరుపు. దానితో పోటీపడి రోజూ ఓడిపోతోంది.

గొంతులో కాయలు కాశాయన్నాడు డాక్టరు. అరవడమైనా మానాలి, మాట్లాడడమైనా మానాలి. అరుపు కూడు పెడుతోంది, మాట పెట్టదు. అందుకే మాట మానేసింది. లారీ మీద తిరిగే భర్తకు ఫోనులో "ఊఁ" అంటే సరిపోతుంది. చిక్కంతా అత్తగారితోనే. ఆవిడకు చూపు పోయింది, పైగా మంచం పట్టింది. సైగలు చేసి ఏం లాభం? భుజం మీద ఒకసారి తడితే మందు, రెండుసార్లు తడితే స్నానం.

ఈ ఉదయం ఆవిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమే అమ్మాయ్, ఎవరెవరికోసమో అంత గొంతు చించుకుంటావు. నాతో ఒక్క మాట మాట్లాడితే అరిగిపోతావా?"

ఆమె భుజం తట్టి చెయ్యి విడిపించుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం చావు అరుపు వంతు వచ్చింది. ఎర్ర ముసుగు మనిషి కొండమీంచి పడిపోతుంది. అరిచింది. "చివర కాస్త సాగదియ్యక్కా" అన్నాడు ఇంజనీరు. మళ్లీ పడింది, మళ్లీ అరిచింది. నోట్లో ఉప్పగా తగిలింది. తుడుచుకుంటే రుమాలు మీద ఎర్రటి చార. ఇదే ఆఖరి సినిమా అని చెప్పేద్దామని పొద్దుటి నుంచీ అనుకుంటోంది. అంతలో నిర్మాత తలుపు సందులోంచి తొంగిచూశాడు.

"రెండో భాగం ఖాయమైపోయింది. నువ్వు లేకపోతే అభిమానులు ఊరుకోరమ్మా."

"ఆవిడ చచ్చిపోయిందిగా?" గొంతు పెగుల్చుకుని గుసగుసగా అడిగింది.

"గేముల్లో చచ్చినవాళ్లు లేవరా ఏమిటి!" నవ్వి తలుపు మూసేశాడు.

సాయంత్రం సంచీలోంచి ఫోను తీస్తే, పక్కింటావిడ చేసిన కాల్స్ వరసగా కనిపించాయి. ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు నలుగురు నిలబడి ఉన్నారు.

"నిద్రలోనే పోయిందమ్మా. నీకెన్నిసార్లు చేశానో," అంది పక్కింటావిడ.

మంచం పక్కన కూలబడింది. "అత్తయ్యా" అని పిలవబోయింది. పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. మంచం పట్టెను రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరుచుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

పక్కింటావిడ వీపు నిమిరింది.

"నీకు చెప్పొద్దంది గానీ, రోజూ మధ్యాహ్నం నా పాత ఫోనులో ఆ గేము పెట్టించుకునేది. 'మా కోడలి గొంతు వినాలే' అనేది. నాకా ఆడటం రాదు, ఊరికే నొక్కుతుంటాను. నువ్వు అరిచినప్పుడల్లా, 'అయ్యో, పిల్లని కొట్టించకే, ఒక్కసారైనా గెలిపించు' అని నా మీద కేకలేసేది."

దిండు పక్కన, ఛార్జింగు తీగ చివర, ఆ ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. అందులో ఎర్ర ముసుగు మనిషి పిడికిళ్లు బిగించి, ఎవరు మీట నొక్కుతారా అని చూస్తూ, చిన్నగా ఊపిరి పీలుస్తూ వదులుతూ నిలబడి ఉంది.