ఎదురు కొండ మోకాలు

సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడగానే కుతైబా డాబా ఎక్కి పావురాలను వదులుతాడు. అవి అమ్మాన్ కొండల మీద నాలుగు చుట్లు తిరిగి దిగుతాయి. ఆ ఆదివారం దిగేసరికి ఒకటి ఎక్కువగా ఉంది. బూడిదరంగుది, కుడికాలు మాత్రం దానిమ్మగింజలా ఎర్రగా ఉంది.

గింజల డబ్బాతో వచ్చిన అమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "ఎదురు కొండ సుఫ్యాన్ మోకాలురా ఇది! చిన్నప్పటినుంచీ దీనికి కుదురు లేదు. దెబ్బ తగిలించుకున్నాడేమో."

అప్పుడే కోచ్ జిర్యాస్ ఫోను చేశాడు. "జిమ్‌లో సుఫ్యాన్ మోకాలు మెలిపడింది. శుక్రవారం టైటిల్ ఫైట్‌కి వాడి బదులు నువ్వే. నాలుగు కిలోలు తగ్గాలి. మీ అమ్మ మన్సఫ్ వండితే వాసన కూడా చూడకు."

ఇనుప పంజరంలో తన్నులు, గుద్దులతో సాగే పోటీల్లో పదేళ్ళుగా కుతైబా మధ్యరకం ఆటగాడు. మర్నాడు అతని కుడికాలి తన్నుకి, మెత్త పట్టుకున్న కోచ్ వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు.

"వాడి మోకాలు మీ డాబా మీద వాలిందన్నమాట," అంటూ లేచి దులుపుకున్నాడు.

ఈ డాబాకీ సుఫ్యాన్ డాబాకీ తండ్రుల నాటి సంధి ఉంది. అడిగితే పావురాన్ని ఇచ్చెయ్యాలి. అడక్కపోతే, గురువారం దాటాక అది పాత గూడు మరిచిపోతుంది. ఇక సుఫ్యాన్ జీవితమంతా కుంటాల్సిందే. అయినా సుఫ్యాన్ అడగలేదు.

బుధవారం కుతైబాయే ఎదురు కొండ ఎక్కాడు. సుఫ్యాన్ మంచం మీద ఉన్నాడు.

"అడగవేంరా?"

"తింటోందా అది?"

"గోధుమలే తింటోంది. మొక్కజొన్న తోసేస్తోంది."

"నాలాగే," నవ్వి, గోడకేసి తిరిగాడు సుఫ్యాన్. "అడిగితే ఇస్తావు. ఇస్తే ఓడిపోతావు. నేనేం కోరుకోవాలో నాకే తెలీడం లేదు. నన్ను అడక్కు."

కుతైబాకీ తెలియలేదు. బెల్టు కావాలని ఉంది. సుఫ్యాన్ ఈ కొండ మెట్లన్నీ పరిగెత్తుకుంటూ దిగాలనీ ఉంది. రెండు కోరికలూ ఒకే గుండెలో రెక్కలు కొట్టుకుంటుంటే ఏది ఏదో పోల్చుకోలేకపోయాడు. గురువారం బరువు తూగి వచ్చి, డాబా మీద చాలాసేపు నిలబడ్డాడు. నిర్ణయించుకున్నట్టు గుర్తు లేదు. చేతులే గూటి తలుపు తీశాయి. పావురం లోయ దాటింది. కుతైబా కుడికాలిలో తన పాత మోకాలే మళ్ళీ కటుక్కుమంది.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ రెక్కల చప్పుడు. బూడిదరంగుదే, కానీ ఈసారి ఎడమకాలు ఎర్రగా ఉంది.

"ఇది ఎడమది," అంది అమ్మ, గోధుమలు చల్లుతూ. "బాగున్న మోకాలు పంపాడు, వెర్రినాయన. రేప్పొద్దున్నే పంపించెయ్యి."

ఎదురు డాబా మీద సుఫ్యాన్ కుర్చీలో రెండు కాళ్ళూ చాపుకుని కూర్చుని చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం పోటీ పంజరంలో కుతైబా కుడికాలు ముందుకు జరిపి, తన్నడానికి ఎడమకాలు వెనక్కి పెట్టాడు. వారమంతా కుడికాలి తన్నుకే సిద్ధపడి వచ్చిన ఛాంపియన్ ఆ పాదాలకేసి ఒకసారి, కుతైబా మొహంకేసి ఒకసారి చూశాడు. ఇన్నాళ్ళూ కుతైబా గుండెలో తిరిగిన అయోమయం, మెల్లగా వెళ్ళి ఛాంపియన్ కళ్ళలో వాలింది.